జాగ్రత్త ఎవరి బాధ్యత?

నిరుడు వేసవిలో లక్సెట్టిపేటలో మా యింటికి దగ్గరగా ఒక పెద్ద భవనం లేస్తూండగా, దాని సూపర్‌వైజరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పొద్దున పని మొదలయ్యేముందు కూలీలను నిలబెట్టి ఐదు నిమిషాలు భద్రతను గురించి చెప్పాలని వాళ్లకు పైనుంచి ఉత్తరువట. ఇంగ్లీషు కాగితం ఒకటి చేతికిచ్చి, "సార్, మీరు తెలుగు చెప్పేటోళ్లు గదా, జర దీన్ని మంచిగ రాసియ్యుండ్రి" అన్నాడు. రాసిచ్చాను. రాస్తున్నప్పుడు పట్టుకున్న సందేహం మాత్రం యింకా నన్ను వదలలేదు.

కాగితంలో తప్పు మాటేదీ లేదు. టోపీ పెట్టుకోండి, బెల్టు కట్టుకోండి, గోతి అంచున మట్టి పోయకండి, బరువు లేస్తున్నప్పుడు దాని కింద నిలబడకండి. ఘనమీటరు మట్టి టన్నున్నర దాకా తూగుతుంది. వానకు తడిసిన రేగడి గోడ చెప్పకుండా విరుగుతుంది. ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోయిన మనిషికి ఊపిరి తీసుకునే సందు వుండదు. యీ సంగతి తెలిసినవాడు తెలియనివానికి చెప్పకపోవడం నేరమే. కనుక, యివన్నీ యజమానుల నాటకాలని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించలేను. చిక్కు చెప్పడంలో లేదు, చెప్పిన తీరులో వున్నది.

నాది వ్యాకరణం చెప్పుకునే వృత్తి. కాబట్టి నాకు మొదట కనిపించింది వాక్యాల్లోని పురుష. కాగితమంతా మధ్యమ పురుషలో వున్నది. పెట్టుకోండి, కట్టుకోండి, ఎక్కకండి. ఉత్తమ పురుష ఒక్క వాక్యంలోనూ లేదు. మేము నిచ్చెన కట్టిస్తాము, మేము తాడు బిగిస్తాము అన్నవాడు లేడు. చిట్టచివర మాత్రం ఒక "మనం" వచ్చింది: మన ప్రాణం మన చేతుల్లోనే వున్నదట! ఎదుటివానిని కలుపుకునే "మనం", కలుపుకోని "మేము" అనే భేదం ఇంగ్లీషుకు లేదు, మన భాషకున్నది. లాభం లెక్క తీసేటప్పుడు "మేము" అనే గుత్తేదారు, గోతిలోకి దిగవలసి వచ్చేసరికి "మనం" అంటున్నాడు. దిగేది మాత్రం వాడు కాడు.

యీ తీరుకు ఒక చరిత్ర వున్నది. అమెరికాలో ఇన్సూరెన్సు కంపెనీ ఉద్యోగి హైన్‌రిక్ 1931లో ఒక పుస్తకం రాసి, ప్రమాదాల్లో నూటికి 88 మనుషుల తప్పు నడవడివల్ల, 10 పని స్థలంలోని లోపాలవల్ల, 2 తప్పించలేనివని తేల్చాడు. ఆయన లెక్కకు ఆధారం ఇన్సూరెన్సు కాగితాలు, యజమానుల రికార్డులు. చచ్చిపోయినవాని వాఙ్మూలం వాటిలో వుండే అవకాశం లేదు గదా! అయినా ఆ అంకె దేశాలు తిరిగింది. నూటికి ఎనభై ఎనిమిది కూలివాని తప్పే అయినప్పుడు కూలివానికి బుద్ధి చెప్పడమే భద్రత అవుతుంది.

మన ప్రాంతానికే వద్దాం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. వాళ్లు ఏ టోపీ పెట్టుకోలేదని చనిపోయారు? 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. వారిలో ఇంజనీర్లూ వున్నారు, ఝార్ఖండ్ కూలీలూ వున్నారు. అక్కడ జాగ్రత్త పడవలసిన చోటు సొరంగం ముఖం కాదు, ఎక్కడ తవ్వాలో, ఎంత తొందరగా తవ్వాలో నిర్ణయించే బల్ల.

"జాగ్రత్త" అంటే మేలుకొని వుండటం. రేకుల షెడ్డులో దోమల మధ్య మూడు గంటలు నిద్రపోయి, రాత్రి స్లాబు పోసి, పొద్దున్నే మళ్లీ వరసలో నిలబడ్డవానికి మేలుకొని వుండమని చెబుతున్నాము. నా తరగతిలో బొగ్గుబాయి పనివాళ్ల బిడ్డలున్నారు. గనిలోకి దింపేముందు శిక్షణ యివ్వాలని 1966 నాటి నిబంధనలు తప్పనిసరి చేశాయి. దానికోసం కొట్లాడిన సంఘాలున్నాయి. అడ్డా మీద పొద్దున ఆరింటికి దొరికిన మనిషికి ఐదు నిమిషాలే శిక్షణ. ఆపైన రిజిస్టరులో వేలిముద్ర. రేపు ఏదైనా జరిగితే ఆ వేలిముద్రే సాక్ష్యం: చెప్పాము, వినలేదు.

అయితే ఆ సాక్ష్యానికి రెండో అంచు వున్నది. ఒక సమాజం తెలిసి తెలిసి మనుషులను అకాల మరణం తప్పని స్థితిలో వుంచితే దానిని హత్యగానే లెక్కించాలని ఎంగెల్సు 1845లో వాదించాడు. అక్కడ బరువంతా తెలిసి అన్నమాట మీద వున్నది. గోతి విరుగుతుందని ప్రతి పొద్దూ చదివించేవానికి గోతి విరుగుతుందని తెలుసు. చదివించి, చెక్కలు ఆనించకుండా దింపితే, ఆ రిజిస్టరు విన్నవానికన్నా చెప్పించినవానిమీదనే ఎక్కువ సాక్ష్యం చెబుతుంది.

ఒకనాడు నేను వెళ్లి విన్నాను. చదవడం అయింతర్వాత ఒక సుతారి అడిగాడు: "బెల్టు యిచ్చిన్రు, మంచిదే. కొక్కెం దేనికి తగిలియ్యాలె సారూ?" పైన తాడూ లేదు, కట్టూ లేదు. "టైమైంది, పనిల పడుండ్రి" అన్నాడు సూపర్‌వైజరు. ఆ ఐదు నిమిషాల్లో భద్రతను గురించి నిజంగా మాట్లాడింది ఆ సుతారి ఒక్కడే. ఆయన మాట ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

నిజమైన అపాయం కనిపిస్తే పని వదిలి తప్పుకునే హక్కు కార్మికునికి వున్నదని 1988లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్మాణరంగంపై చేసిన 167వ ఒప్పందం చెప్పింది. మన 2020 నాటి వృత్తి భద్రతా కోడు అంతదూరం పోలేదు. అపాయముందని యజమానికీ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేయవచ్చునన్నది. యజమాని ఒప్పుకోకపోతే తుది మాట ఇన్‌స్పెక్టరుది. ఆ మాట వచ్చేదాకా గోతి ఒడ్డున నిలబడినవాని కూలి సంగతేమిటి? దిగను అన్నవాని స్థానంలో అడ్డా మీదినుంచి మరొకడు గంటలో వస్తాడు. కాదనే శక్తి లేనివానికి అపాయాన్ని వివరించి చెప్పడం వానికి భయాన్ని మాత్రమే కూలికి తోడు యివ్వడం కాదా?

అందుకే నేను రాసిచ్చిన కాగితంలో అసలులో లేని మూడు వాక్యాలు చేర్చాను. గోతి గోడలకు చెక్కలు మేము ఆనిస్తాము. ఆనించనిదే ఎవరినీ దిగమనము. దిగనన్నవాని ఆనాటి కూలి కోయము. సూపర్‌వైజరు మంచివాడే. సాయంత్రం ఆ మూడింటికింద గీతలు గీసి పట్టుకొచ్చాడు. "సార్, మేము అంటే మామీదికొస్తది. మనము అని మార్చియ్యరాదుండ్రి?" అన్నాడు. మార్చనన్నాను. తక్కిన కాగితాన్ని పని అయిపోయేదాకా ప్రతి పొద్దూ చదివారు.