పిల్లలకు మరుగుచేయక చెప్పుట

78వ కీర్తనలో ఆసాపు, పితరులవలన తాము వినిన సంగతులను తమ పిల్లలకు మరుగుచేయమని మొదటనే మాట యిచ్చుచున్నాడు. ఆదివారపు బడి పండుగలలో ఈ భాగమును చదువుకొని మనము సంతోషించుచుందుము. అయితే ఆ కీర్తనలోని 72 వచనములను కడవరకు చదువువారు కొద్దిమందియే. చీలిన సముద్రమును, మన్నాను, బండలోనుండి వచ్చిన నీళ్లను చెప్పిన నోటితోనే అతడు పితరుల మూర్ఖత్వమును, వారి కపటమును, యుద్ధదినమున వెనుకకు తిరిగిన ఎఫ్రాయిము విలుకాండ్ర సిగ్గును చెప్పుచున్నాడు. మరుగుచేయము అని అతడనినపుడు అందులో ఇదియు చేరియున్నది.

ప్రియులైన చదువరులారా, మనమైతే ఏమి చేయుచున్నాము? గృహదర్శనములకు పోయినపుడు పెద్దలు తమ చిన్ననాటి ఊరిని గూర్చి చెప్పగా మేము వినుచుందుము. ఆనాడు బావినీళ్లు తియ్యన, మనుష్యులు నమ్మకస్థులు, పిల్లలు మాట జవదాటనివారు. ప్రక్కను కూర్చున్న కుమారుడు తలవంచుకొని వినుచుండును. వాడేదైనను తప్పు చేసియున్నయెడల, బాల్యములో తప్పే యెరుగని ఆ తండ్రియెదుట దానిని ఒప్పుకొనుటకు వానికి త్రోవ యేది? బాల్యమును ఎట్లు చెప్పవలెననునది కథలు చెప్పు నేర్పునకు సంబంధించిన ప్రశ్న కాదు. పిల్లలు మనయొద్దకు రాగలరా లేదా అనునది దీనిమీద ఆధారపడియున్నది.

ఈ విషయమై ఇంగ్లాండు ఉత్తరభాగపు పల్లెటూరివాడొకడు తన కుమార్తె కొరకు వ్రాసిన జీవితకథ మాకు మిక్కిలి ఉపయోగపడినది. అతని పేరు థామస్ బ్యూయిక్. కొయ్యదిమ్మెలమీద బొమ్మలు చెక్కి పుస్తకములలో అచ్చువేయు పనిలో అతడు పేరుపొందెను. 1790లో అతని నాలుగుకాళ్ల జంతువుల పుస్తకమును, 1797, 1804 సంవత్సరములలో పక్షుల పుస్తకములును వెలువడెను. అతడు 1753లో నార్తంబర్లండు మండలములో, టైను నదికి దక్షిణమున, మిక్లీ గ్రామము దగ్గరనున్న చెర్రీబర్న్ అను చిన్న యింటిలో పుట్టెను. తండ్రి కొద్దిపాటి భూమిని కౌలుకు చేయుచు, ఒక చిన్న బొగ్గుగనిని కూడ నడుపుచుండెను. ఎనిమిదిమంది పిల్లలలో ఇతడే పెద్దవాడు. కుమార్తె జేను అడిగినందున, మిక్కిలి వెనుకముందాడి, 1822లో తన 69వ యేట వ్రాయ మొదలుపెట్టెను.

అతడు తన ఊరిని ప్రేమించెను. అందులో సందేహము లేదు. మిక్లీలోని ఊరుమ్మడి బీడును గూర్చి వ్రాయునపుడు అతని కలము ఆగదు. ఆ బీడు అంచున బీదలు గుడిసెలు వేసికొని, నాలుగు గొఱ్ఱెలో, ఒక చిన్న ఆవో, కొన్ని బాతులో, తేనెటీగల గూళ్లో పెట్టుకొని బ్రదుకుచుండిరి. వారిలో ఆంథొనీ లిడ్డెల్ అనువాడొకడు. అతడు బైబిలును ఆద్యంతము శ్రద్ధగా చదివినవాడు. ఆకాశపక్షులను, నీటి చేపలను దేవుడు మనుష్యులందరికి ఇచ్చెను గనుక వేటను ధనవంతులకే కట్టిపెట్టిన చట్టము చెల్లదని అతని వాదము. ఆ వాదముచొప్పుననే నడుచుకొని చెరసాలకు పోవుచుండెను. అక్కడి తిండి ఇంటి తిండికంటె మెరుగైనందున చెరసాలయన్న అతనికి భయము లేకపోయెను. ఇట్టి వ్యాఖ్యానమును వేదాంత పాఠశాలలో మాకెవరును నేర్పలేదు. అయినను ఆకలిగొన్నవాడు ఆదికాండమును అట్లు చదివినపుడు తప్పని కొట్టివేయుటకు మాకు నోరు రాదు.

1812లో ఆ బీడును విభజించి పంచివేసిరి. బీదవాడు వేళ్లతో పెరికివేయబడెనని బ్యూయిక్ దుఃఖపడుచున్నాడు.

ఇక్కడ ఒకడు ప్రసంగి 7వ అధ్యాయము 10వ వచనమును తెరచి, పూర్వదినములే మేలైనవని చెప్పుట జ్ఞానము కాదు గదా అని అడుగవచ్చును. అడుగదగినదే. అయితే బ్యూయిక్ పూర్వదినములన్నిటిని మెచ్చుకొనుట లేదు. ఏది మంచిదో, ఎవరికి మంచిదో విడివిడిగా చెప్పుచున్నాడు. ఆ బీడు బీదవానికి మంచిది. ఆ బడి ఆ పిల్లలకు మంచిది కాదు. మిక్లీలోని మొదటి ఉపాధ్యాయుడు బెత్తమును నమ్మినవాడు. ఒక బాలుని మరియొకని వీపునకు ఎక్కించి కొట్టుట అక్కడి వాడుక. తన వంతు వచ్చినపుడు బ్యూయిక్ తిరుగబడి, ఇనుపకట్టుగల తన కొయ్యజోళ్లతో తన్ని పారిపోయెను. పిమ్మట బడికి పోక, వాగు ఒడ్డున కట్టలు కట్టుచు, పడవలు వదలుచు ప్రొద్దుపుచ్చి, సాయంకాలము మిగిలిన పిల్లలతో కలిసి ఏమియు ఎరుగనట్లు ఇల్లు చేరుచుండెను. ఓవింగ్‌హాము దేవాలయపు ద్వారమండపములో రాతినేలమీదను, సమాధిరాళ్లమీదను సుద్దతో బొమ్మలు వ్రాసినదియు ఆ కుఱ్ఱవాడే. ఇవన్నియు కుమార్తెకు చెప్పుచున్నాడు.

వీటికంటె బరువైనది కుందేటి సంగతి. వేటకాండ్రును కుక్కలును చుట్టుముట్టగా ఒక కుందేలు ఈ బాలుని చేతులకు చిక్కెను. అది పసిబిడ్డవలె ఏడ్చెను. దాని ప్రాణము కాపాడుటకు ఏమైనను ఇచ్చివేయవలెనని అతనికి తోచెను. తనకంటె పెద్దవాడు దానిని మేలుగా కాపాడగలడని తలంచి, దగ్గర నిలిచిన రైతు అడుగగా అతని చేతికిచ్చెను. వారు దాని కాలు విరిచి, దానితో మరికొంత వినోదము చూతమని చెప్పి, కుక్కల ముందర వదలిరి. బీడుమీద మంచి పొరుగువారు నివసించిన ఆ పల్లెలోనే, ఆ దినములలోనే, ఇదియు జరిగెను.

కొందరు మమ్మును అడుగుదురు: నోవహు కుమారులలో షేము, యాపెతు తండ్రి దిగంబరత్వమును చూడక కప్పిరి గదా, పెద్దల అవమానమును పిల్లలయెదుట విప్పుట ధర్మమా? మేము చాల ఆలోచించితిమి. షేము, యాపెతు కప్పినది తమ తండ్రి సిగ్గును గాని తమ సిగ్గును కాదు. ఒకడు తన బాల్యములో తాను చేసినదానిని, తాను చూచి ఊరకున్నదానిని తన పిల్లలకు చెప్పుటను ఆ కథ ఆపుట లేదు. మరియు నోవహు సంగతిని పరిశుద్ధ గ్రంథము వ్రాసియే పెట్టినది. ఇతరుని గూర్చి మాత్రము జాగ్రత్త కావలెను. మన సంఘములలో ఒకని తాత దొంగతనమును మనుమడు బడిలో వినవలసివచ్చినపుడు అది సాక్ష్యము కాదు, చాడియే.

నిజము చెప్పినవాని ప్రేమ తక్కువదని ఎవరును తలంచనక్కరలేదు. బ్యూయిక్ లండనులో కొంతకాలముండి 1777లో న్యూకాసిలునకు తిరిగివచ్చెను. అప్పటినుండి పని ముగించుకొని, దాదాపు వారము వారము, పది మైళ్లకు పైబడిన త్రోవను నడచి చెర్రీబర్న్‌కు పోయి తలిదండ్రులను చూచి వచ్చుచుండెను. వానయు మంచును అతని నాపలేదు. 1785లో తల్లియు, ఒక సహోదరియు, తండ్రియు ఒకే సంవత్సరములో చనిపోయిరి. దానితో ఆ నడక ఆగిపోయెను.

అతడు 1828లో మరణించెను. జేను ఆ వ్రాతను 1862లో అచ్చువేయించెను. కుందేటి యేడ్పు అందులో నున్నది. దానిని తీసికొన్న రైతు తనకు బాగుగా తెలిసినవాడని బ్యూయిక్ వ్రాసెను గాని, అతని పేరు వ్రాయలేదు.