మోసుకెళ్ళే కరెంటు

ఖరగ్‌పూర్‌లో ఐఐటీ వైపు ఉన్న పేట తాల్‌బగీచా. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఈ ఊళ్ళో ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. అలాంటి కుటుంబంలోంచి ఇద్దరిని కల్పించుకుని ఈ సంవాదం రాస్తున్నాను. మావయ్య రైల్వేలో ఓవర్‌హెడ్ లైను పని చేసి రిటైరై తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్నాడు. మేనకోడలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఒక అపార్ట్‌మెంటులో ఉంటోంది, ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచనలో ఉంది. మనుషులు కల్పితం, వాళ్ళు వేసే లెక్కలు కావు.

మేనకోడలు: సర్వీసంతా ఇరవై ఐదు వేల వోల్టుల తీగ కింద గడిపారు మావయ్యా. కరెంటు కారు కొంటానంటే అందరికంటే ముందు మీరే సంతోషిస్తారనుకున్నాను.

మావయ్య: సంతోషం లేదని ఎవరన్నారు? డీజిల్ ఇంజిను పక్కనా, కరెంటు ఇంజిను పక్కనా రెండుచోట్లా నిలబడి పనిచేసినవాడికి ఏది మేలో ఒకరు చెప్పక్కర్లేదు. నా బెంగ కరెంటు గురించి కాదు తల్లీ. దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో దాని గురించి.

మేనకోడలు: ఖర్చంటే లెక్క వేసే చెప్తాను. పెట్రోలు లీటరు నూట ఐదు దరిదాపు. చిన్న కారు పద్దెనిమిది కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకి ఆరు రూపాయలు. అదే సైజు ఎలక్ట్రిక్ కారు ఒక యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు పోతుంది. ఇంట్లో యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే కిలోమీటరుకి రూపాయి పైచిలుకు. దగ్గర దగ్గర ఐదు రూపాయలు మిగులు.

మావయ్య: కొనేటప్పుడు పెట్రోలు కారు కంటే ఎంత ఎక్కువ పెడుతున్నావు?

మేనకోడలు: మూడు లక్షలు.

మావయ్య: మూడు లక్షలు తిరిగి రావాలంటే అరవై వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకి ఎంత తిరుగుతావు?

మేనకోడలు: ఐదారు వందలు. సగం రోజులు ఇంటి నుంచే పని.

మావయ్య: అయితే నీకు తొమ్మిది పదేళ్ళు. బ్యాటరీకి కంపెనీలు మామూలుగా ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్ళు. నెలకి రెండు వేలు తిరిగే ట్యాక్సీవాడికి అదే డబ్బు రెండున్నరేళ్ళలో వచ్చేస్తుంది. అంటే ఎక్కువ తిరిగేవాడికే ఎక్కువ లాభం. మరి ఆ ట్యాక్సీవాడు రాత్రి కారు ఎక్కడ పెడతాడు?

మేనకోడలు: రోడ్డు మీద.

మావయ్య: రోడ్డు మీద ప్లగ్గు లేదు. పబ్లిక్ ఫాస్ట్ ఛార్జర్ దగ్గరికి పోతే యూనిట్‌కి ఇరవై రూపాయలు అడుగుతారు. కిలోమీటరుకి మూడు రూపాయలు పడుతుంది, మిగులు సగానికి పోతుంది. కారుకి జీఎస్టీ ఐదు శాతమే, పబ్లిక్ ఛార్జింగుకి పద్దెనిమిది శాతం. తేడా అంతా గోడ దగ్గర వస్తోంది. సొంత గోడ, దాని మీద సొంత మీటరు, దాని ముందు కారు నిలిపే చోటు... ఈ మూడూ ఉన్నవాడికి కరెంటు చవక. లేనివాడికి ఖరీదు.

మేనకోడలు: ఏ కొత్త వస్తువైనా ముందు ఉన్నవాళ్ళే కొంటారు కదా మావయ్యా. 2010లో కిలోవాట్-అవర్ నిల్వకి వెయ్యి డాలర్లు దాటిన బ్యాటరీ ప్యాక్ 2024కి సగటున 115 డాలర్లకి దిగింది. ముందు కొన్నవాళ్ళు ఎక్కువ ధర పెట్టబట్టే కదా తర్వాతి వాళ్ళకి ఆ ధర తగ్గింది! మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023లో అమరరాజా వాళ్ళ బ్యాటరీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. కొనేవాళ్ళు ఉంటారన్న నమ్మకం లేకపోతే అది మొదలయ్యేది కాదు.

మావయ్య: ఆ మాట ఒప్పుకుంటాను. నేను చెప్పేది వేరే. రైలు కరెంటుతో నడుస్తుంది, నీ కారూ కరెంటుతోనే నడుస్తుంది. కానీ రైలు కరెంటుని మోయదు. తీగలోంచి తీసుకుంటూ పోతుంది. యాభై అరవై కిలోమీటర్లకో సబ్‌స్టేషను, దాని నుంచి తీగ, ఆ తీగ కింద రాజధాని ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది, గూడ్సు వెళ్తుంది, ఖరగ్‌పూర్ లోకల్ కూడా వెళ్తుంది. తీగ ఖర్చు అందరిలోకీ పంచుకుపోయింది. లోకల్లో పది రూపాయల టికెట్టుతో ఎక్కినవాడిని నీ వాటా రాగి ఎంతని ఎవరూ అడగలేదు. నీ కారులో ఆ తీగా, సబ్‌స్టేషనూ కలిపి బ్యాటరీ అనే ఒక్క పెట్టెలోకి వచ్చాయి. ఊరి చెరువు వదిలేసి ఎవరి బావి వాళ్ళు నెత్తిన పెట్టుకుని తిరగడంలాంటిది ఇది. బావి తవ్వుకోలేనివాడి సంగతేమిటి?

మేనకోడలు: బావి అద్దెకి ఇవ్వడం కూడా మొదలైంది. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ కారుని బ్యాటరీ లేకుండా 9.99 లక్షలకి పెట్టారు, బ్యాటరీకి కిలోమీటరుకి మూడున్నర రూపాయల అద్దె. మొదట పెట్టాల్సిన డబ్బు తగ్గింది.

మావయ్య: మూడున్నరకి కరెంటు కలుపు. ఐదు రూపాయల దగ్గరికి వచ్చింది. పెట్రోలు ఆరు అన్నావు. ఇప్పుడు అసలు సంగతి బయటపడింది చూడు. పెట్రోలు ఖర్చు బొట్టుబొట్టుగా పోతుంది, ఎలక్ట్రిక్ కారు ఖర్చు మొదటి రోజే నిలబెట్టి అడుగుతుంది. బొట్టుబొట్టుగా చేస్తే తేడా చాలా మట్టుకు కరిగిపోతుంది. అలాగని అద్దె పద్ధతి చెడ్డదనను. ఒకేసారి డబ్బు తేలేనివాడికి అదే దారి. కానీ చవక అని చెప్పి అమ్మొద్దు.

మేనకోడలు: సరే, ఖర్చు పక్కన పెడదాం. నాకు అసలు భయం దూరం. సంక్రాంతికి ఇక్కడి నుంచి శ్రీకాకుళం కారులో వెళ్ళామనుకోండి, పదహారో నంబరు హైవే మీద ఆరు వందల యాభై కిలోమీటర్లు. నేను కొనాలనుకుంటున్న కారు ఒక ఛార్జికి నికరంగా పోయేది రెండు వందల లోపే. మధ్యలో ఛార్జరు పనిచేయకపోతే?

మావయ్య: లైను మీద న్యూట్రల్ సెక్షను అని ఒకటుంటుంది. ఒక సబ్‌స్టేషను కరెంటు ఆగి, ఇంకో సబ్‌స్టేషను కరెంటు మొదలయ్యే చోట కొద్ది మీటర్లు తీగలో కరెంటుండదు. రెండు వైపుల కరెంటూ కలిస్తే ప్రమాదం కాబట్టి అలా వదిలేస్తారు. ముందు ఐదు వందల మీటర్ల దగ్గర ఒక బోర్డు, రెండు వందల యాభై దగ్గర ఇంకో బోర్డు. డ్రైవరు డీజే, అంటే ఇంజిను మెయిన్ బ్రేకరు, ఓపెన్ చేస్తాడు, బండి ఉన్న ఊపుతో ఆ ముక్క దాటుతుంది, అవతల మళ్ళీ క్లోజ్ చేస్తాడు. బోగీలో కూర్చున్నవాళ్ళకి ఒక్కొక్కప్పుడు ఫ్యాను చప్పుడు కూడా మారదు. కరెంటు లేని చోటు ఉండటం తప్పు కాదు. అది ఎక్కడుందో ముందే బోర్డు పెట్టి చెప్పడం, అవతల కరెంటు ఉంటుందని గ్యారంటీ ఇవ్వడం... ఆ రెండూ ఉంటే భయం ఉండదు.

మేనకోడలు: నియమం అయితే ఉంది. 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. నగరాల్లో మూడు కిలోమీటర్ల గడికి ఒక ఛార్జింగ్ స్టేషను, హైవేల మీద రెండు పక్కలా ఇరవై ఐదు కిలోమీటర్లకి ఒకటి అన్నది అప్పటి లెక్క.

మావయ్య: స్టేషను పెట్టేవాడు ఏమంటాడో అదీ విను. కార్లు రాకపోతే మెషీనుకి పెట్టిన లక్షలు తిరిగి రావంటాడు. వాడుక ఉన్నా లేకున్నా ఫిక్స్‌డ్ ఛార్జి కట్టాలంటాడు. కారు కొనేవాడు స్టేషను లేదంటాడు. ఈ ముడి మాకు రైల్వేలో లేదు, ఎందుకంటే తీగ వేసేదీ బండి నడిపేదీ ఒకరే. అయినా ఎంత కాలం పట్టిందో చూడు. బొంబాయిలో మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న కుర్లాకి నడిచింది. హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కి తీగ 1960ల చివర్లో వచ్చింది. ఖరగ్‌పూర్ నుంచి మద్రాసు దాకా తీగ పూర్తవడానికి 2005 దాకా పట్టింది. దాదాపు నలభై ఏళ్ళు ఇక్కడి నుంచి మన ఊళ్ళ వైపు డీజిలే లాక్కెళ్ళింది. తీగ పూర్తయ్యేదాకా రైళ్ళు ఆపేద్దామని ఎవరూ అనలేదు. కరెంటు ఇంజిను కొనలేదని మీ తాతని ఎవరూ తప్పు పట్టలేదు.

మేనకోడలు: కానీ మనకి నలభై ఏళ్ళు లేవు మావయ్యా. ఢిల్లీ గాలి చూశారు కదా.

మావయ్య: చూశాను. అందుకే అంటున్నాను, ముందు ఎవరి బండి మార్చాలో ఆలోచించమని. అదిగో, వాణ్ణి అడుగుదాం.

గేటు ముందు టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఆగింది. నడిపే కుర్రాడు నిమ్‌పురా వైపు తెలుగువాడు. సీటు పైకెత్తి చూపించాడు. కింద నాలుగు లెడ్ బ్యాటరీలు, పన్నెండేసి వోల్టులవి, తాడుతో బిగించి ఉన్నాయి. ఒకదాని టెర్మినల్ చుట్టూ తెల్లటి పొక్కు పేరుకుంది, తీగ కొస పచ్చబడింది. పాత గుడ్డతో అది తుడిచి, మూతలు విప్పి లోపల నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసి, డిస్టిల్డ్ వాటర్ పోశాడు.

టోటో కుర్రాడు: రాత్రికి గ్యారేజీలో పెడతాను అంకుల్. ఇంటి దగ్గర పెట్టుకోవడానికి చోటేదీ? మూడిళ్ళకి ఒక మీటరు. గ్యారేజీలో చోటుకీ కరెంటుకీ కలిపి రోజు లెక్కన ఇస్తాను. బ్యాటరీ సెట్టు ఏడాది తిరిగేసరికి దిగిపోద్ది. మధ్యాహ్నానికే బలం తగ్గితే కిరాయి వదులుకోవాల. లిథియం అయితే నాలుగైదేళ్ళు వస్తాది అంటన్నారు. ఒకేసారి అంత ఎక్కడి నుంచి తేను?

మావయ్య: విన్నావా? నీ కారు మాటా ఇదే, వీడి టోటో మాటా ఇదే. మంచిది చివరికి చవక, మొదట ఖరీదు. చెడ్డది మొదట చవక, చివరికి ఖరీదు. మొదట డబ్బు లేనివాడు చివరిదాకా ఎక్కువే కడతాడు.

ఇక్కడ నా మాట కొంత చెప్పాలి. మన దేశంలో ఎలక్ట్రిక్ బండి ఎప్పుడు వస్తుందని చర్చలు జరుగుతున్న ఏళ్ళలోనే ఈ టోటోలు వచ్చేశాయి. 2015లో మోటారు వాహనాల చట్టం సవరించి వాటికి చట్టబద్ధత ఇచ్చేనాటికే అవి తూర్పు భారతం ఊళ్ళన్నిటా తిరుగుతున్నాయి. ఏ కంపెనీ ప్రకటనా వాటిని తేలేదు, బతుకు అవసరం తెచ్చింది. అరిగిన సీసం బ్యాటరీలు పోయేది చాలాసార్లు పెరటి కొలుముల్లోకి. ఆ పొగ పీల్చే పిల్లల మెదడు దెబ్బతింటుంది. 2022లో బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాయి, తయారుచేసి అమ్మినవాడే పాతవి తిరిగి సేకరించాలని. అవి బస్తీ దాకా రావాలి.

ఇంకొకటి. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వచ్చే దారిలో కోలాఘాట్ థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు రైల్లోంచే కనిపిస్తాయి. దేశంలో కరెంటు దాదాపు నాలుగింట మూడు వంతులు ఇప్పటికీ బొగ్గుదే. అదే దారిలో దక్షిణానికి పోతే సోంపేట వస్తుంది. బీల అనే చిత్తడి నేలలో థర్మల్ కేంద్రం వద్దన్న రైతుల మీద, జాలరుల మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు కాకరాపల్లిలోనూ అంతే. కారు వెనక పొగ లేదని సంతోషించే ముందు ఈ ఊళ్ళ పేర్లు తలుచుకోవాలని నా కోరిక. ఎలక్ట్రిక్ కారు వద్దనడానికి కాదు. కరెంటు మోటారు వృథా చేసే శక్తి తక్కువ, బొగ్గు తగ్గి ఎండా గాలీ పెరిగేకొద్దీ అదే కారు ఏటేటా ఇంకా శుభ్రమవుతుంది. పెట్రోలు కారుకి ఆ అవకాశం లేదు. అయితే శుభ్రత కొన్న రోజునే చేతికి రాదు.

మేనకోడలు: తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరి దాకా ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు ట్యాక్స్ లేదు. నాకూ అది కలిసొస్తుంది. ఈ కుర్రాణ్ణి చూశాక అది తీసుకోవాలంటే మనసుకి ఏదోలా ఉంది.

మావయ్య: తీసుకో. చట్టం ఇచ్చింది. కానీ అడగాల్సింది కూడా అడుగు. 2024లో కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం 10,900 కోట్లు. అందులో సొంత కార్లకి సబ్సిడీ లేదు. టూవీలర్లు, త్రీవీలర్లు, బస్సులు, ట్రక్కులు, అంబులెన్సులు, ఇంకా ఛార్జింగ్ స్టేషన్లకి 2,000 కోట్లు. ఆ వరస నాకు నచ్చింది. బస్సుకి పెట్టిన రూపాయి నలభై మందికి పోతుంది. నీ కారుకి పెట్టిన రూపాయి నీకు పోతుంది.

మేనకోడలు: మరి నా అపార్ట్‌మెంటు? ఎనభై ఫ్లాట్లు. నా పార్కింగ్ దగ్గరికి నా మీటరు నుంచి వైరు లాక్కుంటానంటే అసోసియేషన్ ఒప్పుకోలేదు. మంటలు వస్తాయని ఒకరు, ట్రాన్స్‌ఫార్మర్ ఆగదని ఒకరు.

మావయ్య: ట్రాన్స్‌ఫార్మర్ మాట తీసిపారేయకు. వంద కేవీఏది అనుకో. ఏడు కిలోవాట్ల ఛార్జర్లు పదిహేను ఒకేసారి పెడితే దాని పని అయిపోయింది, ఇళ్ళల్లో ఫ్యాను తిప్పడానికి మిగలదు. రాత్రి పదకొండు తర్వాత వంతుల వారీగా పెడితే అదే ట్రాన్స్‌ఫార్మర్ నెట్టుకొస్తుంది. పదహారు ఆంపియర్ల మామూలు ప్లగ్గుకి మూడు కిలోవాట్లే కాబట్టి ఇంకా తేలిక. నీ కారుది ఇరవై నాలుగు యూనిట్ల బ్యాటరీ అనుకుంటే, ఎనిమిది గంటల్లో నిండుతుంది. మనిషి నిద్రపోయేంతసేపు. అసలు తప్పు నువ్వు అడిగిన తీరులో ఉంది.

మేనకోడలు: ఏం తప్పు?

మావయ్య: నా ఒక్కదానికి వైరు అన్నావు. ఎనభై మంది ఎనభై వైర్లు లాగితే మంటలే వస్తాయి, వాళ్ళ భయం నిజమే. ఒక మెయిన్ కేబుల్, ఒక ప్యానెల్, ఒక్కొక్క పార్కింగ్‌కీ ఒక సబ్‌మీటరు, వంతులు చూసుకునే కంట్రోలరు... అలా అడుగు. పనికి అంచనా వేయించి కాగితం పట్టుకెళ్ళు.

మేనకోడలు: కారు లేనివాళ్ళు, పెట్రోలు కారు ఉన్నవాళ్ళు మేమెందుకు కట్టాలంటారు.

మావయ్య: లిఫ్టు మెయింటెనెన్సు గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు కట్టడం లేదూ?

మేనకోడలు: కడుతున్నారు. ఏటా జనరల్ బాడీ మీటింగులో గొడవపడుతూ కడుతున్నారు.

మావయ్య: గొడవపడనీ. కేబుల్, ప్యానెల్ అందరూ పంచుకోండి, సబ్‌మీటరూ కరెంటూ ఎవరు వాడితే వాళ్ళు కట్టుకోండి. ఇంకో మాట. వాచ్‌మన్‌కి టూవీలరు ఉందా?

మేనకోడలు: పాత పెట్రోలుది ఉంది.

మావయ్య: వాడికీ ఒక పాయింటు ఉండాలని ఆ కాగితంలో రాయించు. కారు ఆ తర్వాత కొనుక్కో.