ఉదయగిరి: దేవుడు తరలిపోయిన కోట

నెల్లూరు తీరమైదానానికి పడమట, వెలిగొండల్లో నిటారుగా లేచిన కొండను ఆశ్రయించుకొని ఉన్న ఉదయగిరి దుర్గం, విజయనగర కాలంలో ఒక రాజ్యానికి, అంటే నేటి రాష్ట్రం వంటి పెద్ద పాలనా విభాగానికి, కేంద్రంగా ఉండి సముద్రపు ఒడ్డు పల్లెల దాకా ఏలింది. కోటగోడలు, కొండమీది మసీదులు, రంగనాయకుల గుడి, కృష్ణాలయం ఒకే ఊరి పరిధిలో కనిపించే ఈ చోటికి యాత్రాబుద్ధితో వచ్చినవారిని ఒక ప్రశ్న వదలదు: ప్రతిష్ఠించిన విగ్రహం తరలిపోయాక, ఆ స్థలం ఇంకా క్షేత్రంగా మిగులుతుందా?

1513లో విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా పాలకులైన గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని ముట్టడించి, ఒక్కొక్కరుగా తప్ప నడవలేని ఇరుకుదారిని బండలు పగలగొట్టించి వెడల్పు చేయించి, సుదీర్ఘమైన ముట్టడి తరువాత 1514లో దానిని వశపరచుకొన్నాడు. కోట రక్షకుడైన తిరుమల రౌతరాయడు బందీ అయ్యాడు. తిరుగుదారిలో రాయలు తిరుమలకు వెళ్లి స్వామికి కనకాభిషేకం, అంటే బంగారు నాణేలతో అభిషేకం, చేయించినట్లు అక్కడి శాసనాలు చెబుతున్నాయి. ఉదయగిరి నుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహానికి హంపీలో ప్రత్యేకంగా ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు.

ఓడినవారి దేవుణ్ణి గెలిచినవాడు ధ్వంసం చేయలేదు, ఖజానాలో పడవేయలేదు, తన రాజధానిలో పూజలందుకొనేలా నిలిపాడు. గజపతులు జగన్నాథుని సేవకులు, రాయలు వేంకటేశ్వరుని భక్తుడు. యుద్ధానికి అటూ ఇటూ ఉన్నవారు కొలిచింది ఒకే విష్ణువును గనుక, శత్రువును ఆపడానికి కట్టిన గోడకు ఆ దేవుణ్ణి కాపాడే పని లేకపోయింది. అయినా రాయల భక్తి ఎంత నిజమో, నిత్యం కొలిచిన బాలుణ్ణి పోగొట్టుకొన్న ఉదయగిరి వారి వెలితి కూడా అంతే నిజం. చరిత్ర గ్రంథాలు మొదటిదానిని విజయంగా వర్ణించి రెండవదానిని పట్టించుకోకపోవడం న్యాయం కాదు.

ప్రాణప్రతిష్ఠ అంటే మంత్రపూర్వకంగా విగ్రహంలోకి దైవసాన్నిధ్యాన్ని ఆవాహన చేయడం. ఆ సాన్నిధ్యం విగ్రహంతో పాటే వెళ్లిపోతుందనుకొంటే ఉదయగిరిలో మిగిలింది రాళ్లే. కాని 1565 తళ్లికోట యుద్ధానంతరం విజయనగరం పాడుబడగా హంపీ కృష్ణాలయపు గర్భగుడి కూడా శూన్యమైంది. దెబ్బతిన్న ఆ బాలకృష్ణుడు నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాడు. ధూపదీపాలు లేని ఆ మూర్తికీ, ఆ మూర్తి లేని ఈ రెండు ఊళ్లకూ పవిత్రతను విడదీసి పంచడం సాధ్యం కాదు. కొలిచిన తరాల జ్ఞాపకం మూడు చోట్లా ఉన్నది కనుక మూడూ కలిసి ఒకే క్షేత్రమని భావించడమే సమంజసం.

వైద్యానికీ వ్యాపారానికీ తరచుగా చెన్నైకి ప్రయాణించే నెల్లూరు సీమవారు ఎగ్మూరులోని ఆ మ్యూజియానికి వెళ్లి ఉదయగిరి బాలకృష్ణుణ్ణి అడిగి చూడాలి. పిల్లలను వెంట తీసుకువెళ్లి, ఈయన మన జిల్లా నుండి వెళ్లినవాడని వారికి చెప్పాలి.