బాకీ అడగడం పాపమా?



మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు శిష్యులకు నేర్పిన జపంలో "అప్పు" అనే మాట ఉంది. పాపక్షమాపణ గురించి చెప్పడానికి ప్రభువు బజారులో వినిపించే ఆ మాటనే తీసుకున్నారు. రోజూ ఈ జపం చెప్పే చిన్న వ్యాపారికి ఒక ధర్మసందేహం రాక మానదు. సరుకు తీసుకొని డబ్బు పంపని వారిని ఏం చేయాలి? మన్నించి ఊరుకోవాలా? గట్టిగా అడిగితే పాపమా?

ఒక ఉదాహరణ చూద్దాం. నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ఇబ్రహీంపట్నంలో ఒక సోదరి ఆవకాయ, కారప్పొడులు చేసి పార్సిల్‌లో పంపుతున్నదనుకోండి. ఆర్డరు ఫోనులో వస్తుంది. "అక్కా, ముందు పంపు, అందినంక పైసలు వేస్త" అంటారు. ఆమె నమ్మి పంపుతుంది. పచ్చడి చేరుతుంది గాని పైసలు రావు. వారం తర్వాత ఫోను చేస్తే ఎత్తరు. ఆ డబ్బాలో ఉన్నది మామిడికాయ, నూనె, కారం మాత్రమేనా? కాయ కొట్టిన ఇద్దరు ఆడవాళ్ళ కూలి ఉంది. పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు తాలూకు కిస్తీ ఉంది. పిల్లవాడి ఫీజు ఉంది.

ఈ బాధ ఈనాటిది కాదు. ఉత్తరం రాసి సరుకు తెప్పించుకునే రోజుల్లోనే అమ్మేవారికి కొనేవారి ముఖం తెలియదు. అందుకే మన దేశంలో తపాలా శాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టింది. పోస్ట్‌మ్యాన్ సొమ్ము పుచ్చుకున్నాకే పార్సిల్ చేతికిచ్చేవాడు. ఆ సొమ్ము మనియార్డరుగా అమ్మినవారికి చేరేది. తెలుగు పుస్తకాలెన్నో ఊరూరికీ ఇలాగే చేరాయి. అయినా ఆర్డరిచ్చినవారే తీరా పార్సిల్ వచ్చాక వద్దంటే అది వెనక్కి వచ్చేది, ఖర్చు అమ్మినవారి నెత్తిన పడేది. నేటి క్యాష్ ఆన్ డెలివరీలోనూ ఇదే తంతు. ఏర్పాటు ఎంత మంచిదైనా చివరికి మనిషి మాట మీదే వ్యాపారం నిలబడుతుంది.

దివ్యగ్రంథానికి ఈ సంగతి బాగా తెలుసు. సీరా జ్ఞానగ్రంథం 29వ అధ్యాయం తీసి చదవండి. అప్పు పుట్టేదాకా చేతులు ముద్దుపెట్టుకొని, తీర్చే గడువు రాగానే సాకులు చెప్పేవారిని ఆ జ్ఞాని కళ్ళకు కట్టినట్టు చూపించాడు. అలాంటివారి వల్ల విసిగి మంచివారు కూడా చేయూతనివ్వడం మానుకుంటారని వాపోయాడు. ఆ వెంటనే, పేదవాని పట్ల మాత్రం ఓపిక పట్టమన్నాడు. ఎగవేత తప్పేనని చెప్పి, లేనివాడిని తొందరపెట్టవద్దని కూడా ఒకే అధ్యాయంలో చెప్పాడు.

ఇక మత్తయి 18వ అధ్యాయంలోని దయలేని సేవకుని ఉపమానం చూడండి. తోటి సేవకుడు అతనికి బాకీపడ్డది నూరు దీనారాలు. దీనారం అంటే ఆనాటి ఒక రోజు కూలి. అంటే మూడు నెలలకు పైబడిన కష్టార్జితం. ప్రభువు దాన్ని బాకీ కాదనలేదు. మరి ఆ సేవకుని తప్పేమిటి? గొంతు పట్టుకున్నాడు. తోటివాడు గడువు అడిగితే ఇవ్వలేదు. తాను పొందిన దయను మరచాడు. కాబట్టి అడగడం పాపం కాదు. మనిషి గొంతు నులమడం పాపం. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా 2411వ పేరాలో అప్పులు తీర్చడాన్ని న్యాయధర్మంలోనే చేర్చింది.

మొదట చేయవలసింది, ఇవ్వలేనివారెవరో, ఇవ్వనివారెవరో తెలుసుకోవడం. అడగకుండా ఇది తెలియదు. ఇంట్లో జబ్బు వచ్చిందేమో, కూలి దొరకలేదేమో, పార్సిల్ దారిలో పగిలిపోయి చెప్పడానికి మొహమాటపడుతున్నారేమో! చాలామంది "పోనీలే, క్షమించాను" అంటారు. నిజానికి వారు అడగడానికి జంకారు. పైకి క్షమాపణ, లోపల కసి! అది మన్నింపు కాదు.

అడిగే తీరు కూడా అదే 18వ అధ్యాయంలో ఉంది. తప్పు చేసిన సోదరునితో మొదట ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్ళాలి. ఆ తర్వాతే సంఘానికి చెప్పాలి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం మరొక హద్దు గీసింది. అప్పిచ్చినవాడు కుదువ సొమ్ము కోసం బాకీదారుని ఇంట్లో చొరబడకూడదు, బయటే నిలబడాలి. నేడు మనకు ఆ గడప ఫోనులో ఉంది. బాకీపడినవారి పేరు, ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం, వారి చుట్టాలకు ఫోను చేసి పరువు తీయడం, అర్ధరాత్రి బెదిరించడం, ఇవన్నీ ఆ గడప దాటడమే.

అయితే స్తోమత ఉండీ ఎగవేసేవారి సంగతి? న్యాయమార్గం పట్టడంలో తప్పులేదు. మొదటినుంచీ ఆర్డరు, ధర, పంపిన తేదీ, పార్సిల్ రసీదు భద్రపరచుకోండి. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం అరువిచ్చిన సరుకు బాకీకి దావా గడువు సాధారణంగా మూడేళ్ళు. 1987 చట్టం కింద నడిచే లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు. అక్కడ ఇరువురూ కుదుర్చుకున్న రాజీకి డిక్రీతో సమానమైన బలముంది. స్వయంగా సరుకు తయారుచేసి ఉద్యమ్ నమోదు పొందిన చిన్న సంస్థలకు, కొన్నవారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఒకసారి ఎగవేసినవారికి ముందుగా డబ్బు అందాకే పంపుతామని చెప్పడం కూడా కక్ష కాదు, వివేకం.

ఒక్క మాట మరువకండి. బాకీ రాలేదని కాయ కొట్టినవారి కూలి ఆపకూడదు. ఏనాటి కూలి ఆనాడే, పొద్దు గుంకకముందే ఇవ్వాలని అదే 24వ అధ్యాయం ఆదేశిస్తోంది. మనకు జరిగిన అన్యాయాన్ని మనకంటే పేదవారి మీదకు దించితే మనమూ ఆ దయలేని సేవకుని వరుసలోనే నిలబడతాం.

నిజంగా ఇవ్వలేనివారని తేలితే? వీలైతే వాయిదాలు కట్టండి. అదీ కుదరకపోతే మాఫీ చేయండి. కానీ ఆ మాట నోటితో చెప్పండి: "ఇక ఈ బాకీ లేదు, మనసులో పెట్టుకోకు." ఖాతాలో గీత కొట్టేయండి. పునీత పౌలు ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో, ఒనేసిము ఏమైనా బాకీపడితే దాన్ని తన లెక్కలో వేయమని స్వహస్తాలతో రాసి పూచీపడ్డాడు. మన బాకీని సిలువ మీద ప్రభువు తన లెక్కలో వేసుకున్నది కూడా ఇలాగే కదా!

చివరిగా, కొనే సహోదరీ సహోదరులారా! మీ ఫోనులో ఎవరో అక్క పంపిన సందేశం జవాబు లేకుండా పడి ఉందేమో చూడండి. మనకు రెండొందలు చిన్న మొత్తం కావచ్చు. అది ఆమె ఇంట్లో రేపటి బియ్యం. పాపసంకీర్తనానికి వెళ్ళేముందు ఆ బాకీ తీర్చండి. ఇప్పుడు లేకపోతే లేదని ఫోను ఎత్తి చెప్పండి, గడువు అడగండి. అడిగేవారికి మృదువైన నాలుకను, ఇవ్వవలసినవారికి మేలుకున్న మనస్సాక్షిని ప్రభువు దయచేయుదురు గాక! ఆమెన్.