జాలరులు రాకపోయి ఉంటే

1993 మార్చి రెండో వారం. అమెరికా తూర్పు తీరంలో చలికోట్లు మడిచి పెట్టెల్లో దాచుకునే రోజులవి. అలబామా, జార్జియా వంటి దక్షిణాది రాష్ట్రాల్లో చెట్లు చిగురు తొడుగుతున్నాయి. సరిగ్గా ఆ సమయంలో నేషనల్ వెదర్ సర్వీస్ కంప్యూటర్లు ఒక మహా తుపానును చూపించాయి. అది ఇంకా పుట్టనే లేదు. వారాంతానికి మెక్సికో సింధుశాఖ మీద అల్పపీడనం ఏర్పడుతుందనీ, తీరం వెంబడే ఉత్తరానికి పోతూ బలపడుతుందనీ, దారి పొడవునా మంచు కుమ్మరిస్తుందనీ లెక్కలు చెప్పాయి. వేలు పెట్టి చూపించడానికి ఆకాశంలో ఇంకా మబ్బు లేదు.

వాతావరణ శాస్త్రజ్ఞులు ఆ లెక్కలను నమ్మారు. ఐదు రోజుల ముందు నుంచే హెచ్చరించడం మొదలుపెట్టారు. ఈశాన్య రాష్ట్రాల గవర్నర్లు కొందరు మంచు పడకముందే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అంత తీవ్రమైన తుపాను గురించి అంత ముందుగా చెప్పగలగడం ఆ సంస్థకు అదే మొదలు. మార్చి 12 నుంచి 14 వరకు తుపాను అన్నంత పనీ చేసింది. మంచు అరుదుగా చూసే అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 13 అంగుళాలు పడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో దాదాపు 43, టెనెసీలోని లెకాంట్ పర్వతం మీద 56 అంగుళాలు. తీరం పొడవునా పెద్ద విమానాశ్రయాలన్నీ ఏదో ఒక సమయంలో మూతపడ్డాయి. సుమారు 270 మంది చనిపోయారు.

ఆ సంఖ్య చిన్నదేమీ కాదు. కానీ 1888 మార్చితో పోల్చి చూస్తే ముందుగా తెలియడం అంటే ఏమిటో అర్థమవుతుంది. ఆ ఏడాది మార్చి 10, శనివారం, న్యూయార్క్‌లో హాయిగా ఉంది. సోమవారం తెల్లవారేసరికి నగరం మంచు గాలిలో మునిగిపోయింది. ఎవరూ హెచ్చరించలేదు కాబట్టి జనం ఎప్పటిలాగే పనులకు బయల్దేరారు. 400 మందికి పైగా మరణించారు, అందులో సగం మంది ఒక్క న్యూయార్క్ నగరంలోనే. మాజీ సెనేటర్ రాస్కో కాంక్లింగ్ ఆ సాయంత్రం వాల్ స్ట్రీట్‌లోని ఆఫీసు నుంచి మంచులో నడుచుకుంటూ బయల్దేరాడు. యూనియన్ స్క్వేర్ దగ్గర చిక్కుకుపోయాడు. ఎలాగో బయటపడ్డా, నెల పైచిలుకు రోజుల తర్వాత కన్నుమూశాడు. సంగతి శనివారమే తెలిసి ఉంటే సోమవారం ఆయన ఇంట్లోనే ఉండేవాడేమో.

ముందే తెలిసినవాడు ఏం చేయాలి? పంచతంత్రంలోని మూడు చేపల కథ తెలుగువాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రేపు వచ్చి ఈ చెరువులో వల వేద్దామని జాలరులు అనుకోవడం విన్న అనాగతవిధాత ఆ రాత్రే వేరే నీటికి తరలిపోతుంది. ప్రత్యుత్పన్నమతి వల దాకా వచ్చాక ఉపాయంతో బయటపడుతుంది. ఎలా రాసిపెట్టి ఉంటే అలా జరుగుతుందిలే అనుకున్న యద్భవిష్యుడు చచ్చిపోతాడు.

ఈ కథ ఒక సంగతి చెప్పదు. మర్నాడు జాలరులు రాకపోయి ఉంటే? పుట్టి పెరిగిన చెరువు విడిచి, రాత్రికి రాత్రి కష్టపడి వెళ్లిన అనాగతవిధాతను ఏమనాలి? జాలరులు వచ్చారు కాబట్టే అది వివేకి అయిందా? అసలు తాత్విక ప్రశ్న ఇక్కడే ఉంది. అనాగతవిధాత నిర్ణయం సరైనదని తేల్చింది వల పడటమా, లేక ఆ సాయంత్రం దాని చెవిన పడ్డ మాటా?

2017 మార్చి 14న న్యూయార్క్ నగరం ఈ ప్రశ్నను నిజంగానే ఎదుర్కొంది. అడుగున్నర దాకా మంచు పడవచ్చన్నారు. బడులు మూశారు. భూమి పైన నడిచే సబ్‌వే రైళ్లను ఆపేశారు. వేల విమానాలు రద్దయ్యాయి. తీరా సెంట్రల్ పార్కులో పడింది ఏడున్నర అంగుళాలు. మంచుకు బదులు గడ్డకట్టిన చినుకులు కురిశాయి. అదే తుపాను రాష్ట్రం లోపల బింగమ్టన్‌లో 30 అంగుళాలు దాటించింది. నగరంలో మాత్రం, రొట్టె, పాలు, బ్యాటరీలు కొని పెట్టుకున్నవాళ్లకు మోసపోయామనిపించింది.

వాళ్లు మోసపోలేదు. నిర్ణయం మంచిదో చెడ్డదో తేల్చాల్సింది అది తీసుకున్న సమయానికి తెలిసినదాన్ని బట్టి. తర్వాత ఏం జరిగిందన్నది వేరే లెక్క. 70 శాతం అవకాశం ఉందని చెప్పిన ప్రతిసారీ మంచు పడితే, ఆ 70 అన్న మాటే తప్పు. పది సందర్భాల్లో ఏడుసార్లు పడి, మూడుసార్లు పడకపోతేనే అది నిజం. గ్లెన్ బ్రయర్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు 1950లో ఇలాంటి సంభావ్యతల నిజాయితీని కొలిచే సూత్రం ఒకటి ప్రతిపాదించాడు. ఇవాళ్టికీ దాన్ని వాడుతున్నారు. ఒక్క రోజు ఫలితంతో నిజమో అబద్ధమో తేలని మాటలు లోకంలో ఉన్నాయని ఒప్పుకోవడం తత్వశాస్త్రానికి కూడా చిన్న మెట్టు కాదు.

అయితే 2017 ఉదంతంలో మరో పొర ఉంది, అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ముందురోజు మధ్యాహ్నానికే కొత్త లెక్కలు నగరంలో మంచు తగ్గవచ్చని సూచించాయి. అయినా పాత అంచనాను పెద్దగా మార్చకూడదని నిపుణులు నిర్ణయించుకున్నారు. మారిస్తే జనం ప్రమాదం తప్పిపోయిందనుకుంటారని భయపడ్డారు. ఈ సంగతి తర్వాత వాళ్లే విలేకరులకు చెప్పారు. అప్పుడు నేషనల్ వెదర్ సర్వీస్‌కు అధిపతి లూయిస్ ఉచ్చెల్లీని. 1993లో ఐదు రోజుల ముందు తుపానును చెప్పిన బృందంలో ముఖ్యుడు కూడా ఆయనే.

సత్యమా, హితమా? భారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. కౌశికుడు అబద్ధమాడనని వ్రతం పట్టినవాడు. దొంగలకు భయపడి అడవిలోకి పారిపోయిన జనం ఎటు వెళ్లారో ఆ దొంగలకే చెప్పి, అందరి చావుకూ కారణమై నరకానికి పోయాడు. హితాన్ని మరిచిన సత్యం ధర్మం కాదని చెప్పడానికి ఈ కథను తరచూ ఎత్తుకుంటారు. ఆ వాతావరణ నిపుణులకు కూడా ఇది వర్తిస్తుందని అనిపించవచ్చు.

వర్తించదు. కౌశికుణ్ణి అడిగినవాళ్లు హంతకులు. వాతావరణ సంస్థను అడిగేది, అది కాపాడాల్సిన జనమే. తల్లి మందు వేసుకునే వేళకు ఆస్పత్రికి చేరగలనా అని లెక్క వేసుకునే కూతురు, ఒక రోజు కూలి పోగొట్టుకోవాలా వద్దా అని ఆలోచించే హోటలు పనివాడు. వాళ్ల నిర్ణయాన్ని వాళ్ల కోసం మనమే తీసుకుని, దానికి సరిపోయేలా అంకె చెప్పడం హితంలా కనిపిస్తుంది కానీ వాళ్ల వివేకాన్ని తీసేసుకోవడమే అవుతుంది. గీత 17వ అధ్యాయంలో వాక్కుకు సంబంధించిన తపస్సును చెప్పినచోట సత్యాన్నీ హితాన్నీ ఒకే మాటకు ఉండాల్సిన గుణాలుగా చెప్పారు, ఒకదాని కోసం మరొకటి వదులుకోమనలేదు. ఇప్పుడు నేషనల్ వెదర్ సర్వీస్ మంచు అంచనాలను కనిష్ఠం, ఎక్కువ అవకాశమున్నది, గరిష్ఠం అని మూడు పటాలుగా కూడా ఇస్తోంది. వినేవాడికి కొంచెం కష్టం పెరుగుతుంది. గౌరవం మాత్రం దక్కుతుంది.

ఇక దేవుడి సంగతి. తుపాను ఆయన పంపేదైతే, పార కొని గుమ్మంలో పెట్టుకోవడం ఆయన మీద అపనమ్మకమా? ఈ సందేహం చాలా మతాల్లో ఉంది, వాటిలో చాలావరకు ఒకే దిక్కుకు జవాబు చెప్పాయి. ఒంటెను వదిలేసి దేవుణ్ణి నమ్మనా అని అడిగిన మనిషితో, ముందు కట్టేయి, తర్వాత నమ్ము అన్నారట మహమ్మద్ ప్రవక్త. అనుశాసనిక పర్వంలో ధర్మరాజు దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని అడిగితే, భీష్ముడు వసిష్ఠుడికి బ్రహ్మ చెప్పిన మాట వినిపిస్తాడు: దైవం విత్తనం, పురుషకారం పొలం, రెండూ కలవకుండా పంట లేదు. గీత 18వ అధ్యాయం ప్రతి పనికీ ఐదు కారణాలు చెప్పి, దైవాన్ని ఐదోదిగా ఉంచుతుంది. ఆ ఐదోదాని పేరు చెప్పి మిగిలిన నాలుగింటినీ వదిలేసే యద్భవిష్యుణ్ణి భక్తుడనడానికి లేదు.

బైబిల్‌లోని యోనా కథ దీన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంటుంది. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని అతడు ప్రకటిస్తాడు. ఊరు ఊరంతా మారుతుంది, నాశనం ఆగిపోతుంది. దానికి యోనా సంతోషించాల్సింది పోయి కోపగించుకుంటాడు. తన మాట నిజం కాలేదని అతని బాధ అనిపిస్తుంది. హెచ్చరించేవాడికి తన మాట గెలవడం మీద ఎంత ఆశ ఉంటుందో దీనంత బాగా చెప్పిన కథ అరుదు. మనిషి పశ్చాత్తాపం విని మంచు దారి మార్చుకోదు, నిజమే. కానీ మంచు వల్ల జరిగే హాని మనం చేసే పనిని బట్టి మారుతుంది. ఎవరూ కారు తీయని రోడ్డు మీద ప్రమాదం జరగదు. జరగని ప్రమాదాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

సీజను చివర్లో వచ్చే మంచుకు ఈ ఆలోచన మరీ అవసరం. జనవరిలో పడే పొడి మంచు చీపురుతో ఊడ్చేయవచ్చు. మార్చిలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఊగుతుంది, అందుకే మంచు నీరు పీల్చుకుని తడిసిన బొంతలా కొమ్మల మీద బరువేస్తుంది. మామూలుగా పది అంగుళాల మంచు కరిగితే అంగుళం నీరు వస్తుంది. తడి మంచైతే ఐదారు అంగుళాలకే అంత నీరు. చిగురించిన కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడతాయి. పారతో ఎత్తబోయిన పెద్ద వయసువాళ్లకు గుండెపోటు రావచ్చు. ఒకటి రెండు డిగ్రీల తేడాతో అడుగు మంచు పడాల్సిన చోట వాన కురుస్తుంది కాబట్టి అంచనా వేయడమూ కష్టమే. ప్రమాదం, సందిగ్ధం రెండూ ఎక్కువగా ఉండే కాలమిది.

అందుకు చేసుకునే ఏర్పాట్లు మాత్రం చాలా మామూలువి. రోడ్ల మీద ముందురోజే 23 శాతం ఉప్పునీళ్లు చల్లుతారు. మంచు తారుకు అంటుకోకుండా అది అడ్డుపడుతుంది. ఇంట్లో చలి తగిలే గొట్టాలు గడ్డకట్టి పగలకుండా కుళాయిని సన్నగా కారనిస్తారు. కరెంటు పోతే వాడే జనరేటరును ఇంటి బయట, కిటికీలకు దూరంగా పెడతారు. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. మంచులో ఇరుక్కున్న కారు ఇంజను నడపాల్సి వస్తే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేస్తారు. మంచు రాకపోతే వీటిలో నష్టపోయేది ఏముంది? కొంత ఉప్పు, కాసిని నీళ్లు, ఒక సాయంత్రం.

అలాంటి ఆఖరి మంచు ఒకసారి తెలుగు పండుగ వారంలోనే వచ్చింది. 2018లో ఉగాది మార్చి 18న. అప్పటికే ఆ నెలలో న్యూయార్క్ ఉన్న ఈశాన్య తీరాన్ని మూడు తుపానులు తాకి వెళ్లాయి. ఉగాది అయిన మూడో రోజున, వసంతం క్యాలెండరులో అడుగుపెట్టాక, నాలుగోది వచ్చి సెంట్రల్ పార్కులో 8 అంగుళాలకు పైగా మంచు పోసింది. ఆ వారంలో అక్కడి తెలుగువాళ్లు రెండు రకాల భవిష్యవాణి విన్నారు: పంచాంగ శ్రవణంలో ఏడాది వానల లెక్క, టీవీలో బుధవారం మంచు లెక్క. మొదటిది వచ్చే ఏడాదిని, తీపీ చేదూ కలిపి, స్వీకరించడానికి మనసును సిద్ధం చేస్తుంది. రెండోది ఈ రాత్రికి ఏం చేయాలో చెబుతుంది. ఒకదాని పని మరొకటి చేయలేదు. రెండూ వినే మనిషికి మనసులో తగువు రావాల్సిన అవసరం లేదు.

1993 తుపానుకు తిరిగి వెళ్లాలి, ఎందుకంటే ఆ గెలుపు కథలో ఒక చీకటి భాగం ఉంది. అందరి చూపూ ఉత్తరాన పడబోయే మంచు మీద ఉంది. సింధుశాఖ మీద తుపాను ఎంత వేగంగా బలపడుతుందో లెక్కలు సరిగా పట్టుకోలేదు. మార్చి 13 తెల్లవారుజామున ఫ్లోరిడా పశ్చిమ తీరం మీద ఉప్పెన విరుచుకుపడింది. టేలర్ కౌంటీ ప్రాంతంలో నీరు 12 అడుగుల దాకా లేచింది. జనం నిద్రలో ఉన్నారు. ఉప్పెనకూ, అదే తుపాను వెంట వచ్చిన టోర్నడోలకూ ఆ రాష్ట్రంలో పదుల సంఖ్యలో చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన గురించి విన్న తెలుగువాడికి ఆ తీరపు రాత్రిని వేరే వర్ణించి చెప్పక్కర్లేదు. బోస్టన్‌కు ఐదు రోజుల ముందు తెలిసింది, టేలర్ కౌంటీకి తెలియలేదు. తుపాను ఒక్కటే.

తెలిసినా ఏమీ చేయలేనివాళ్లు కూడా ఉంటారు. సూచన వినగానే వారానికి సరిపడా సరుకులు కొనడానికి చేతిలో డబ్బుండాలి. ఇంటి నుంచి పని చేయాలంటే అలాంటి ఉద్యోగం ఉండాలి. అసలు ఇల్లే ఉండాలి. చలి గడ్డకట్టే స్థాయికి పడిపోయిన రాత్రుల్లో న్యూయార్క్ నగరం కోడ్ బ్లూ ప్రకటిస్తుంది. ఆ రాత్రి ఆశ్రయం అడిగిన ఎవరినీ షెల్టర్లు వెనక్కి పంపకూడదు. పగటి పూట మంచు ఆగితే ఇంటి ముందు నడకదారిని నాలుగు గంటల్లో శుభ్రం చేయాలని అక్కడి ఇళ్ల యజమానులకు నియమం ఉంది. తాను ఎటూ వెళ్లనివాడు కూడా ముక్కూ మొహం తెలియని బాటసారి కోసం దారి తీయాలి. ఆ యజమాని ఎనభై ఏళ్ల ముసలాయనైతే? ఆ తడి మంచును ఎత్తే శక్తి ఆయనకు లేకపోతే? ఆ వీధిలో ఎవరు పార పట్టుకుని వెళ్తారన్నది సూచన విన్న సాయంత్రమే పక్కింటి తలుపు తట్టి మాట్లాడుకోవాల్సిన విషయం. మర్నాడు మంచు పడకపోయినా ఆ ముసలాయన ఫోన్ నంబరు పక్కింటివాళ్ల దగ్గర ఉంటుంది.