ఇంట్లో ఇల్లు

పాతదాన్ని ఏం చెయ్యాలన్న ప్రశ్న ఆడవాళ్లకి కొత్తది కాదు. అటకమీది ఇత్తడి గుండిగల దగ్గర్నుంచి పెళ్లినాటి పట్టుచీరల దాకా ఏడాదికోసారైనా మన ముందుకొచ్చి నిలబడుతుంది. పారెయ్యడానికి మనసొప్పదు. ఉంచుకోడానికి చోటుండదు. కరిగించి కొత్తది చేయిద్దామంటే, అప్పుడది పాత గుండిగేనా అన్న అనుమానం పీడిస్తుంది. ఈమధ్య ఆ ప్రశ్న మా ఇంటికి కంప్యూటరు రూపంలో వచ్చింది.

మా వారు రాంనగర్‌లో ఇరవై ఏళ్లకి పైగా చిన్న డీటీపీ సెంటరు నడిపారు. శుభలేఖలు, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ కార్యక్రమాల ఆహ్వానాలు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నోట్సులు, అన్నీ ఒక్క మెషీను మీదే. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకరు, అను ఫాంట్లు. మా అత్తగారు చెబుతుంటే నేను రాసుకున్న పెళ్లిపాటలూ నోముల కథలూ కూడా అందులోనే కంపోజు చేసిపెట్టారు. మొన్న వేసవిలో ఆ మెషీను మూలగడం మొదలెట్టింది.

ఆ ఫైళ్లు కొత్త కంప్యూటర్లో తెరిస్తే పాటలు లేవు, ఇంగ్లీషు అక్షరాలూ అర్థంకాని గుర్తులూ కనబడ్డాయి. ఆనాటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సీట్లలో తెలుగు అక్షరాల్ని కూర్చోబెట్టారట. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకి సొంత సీట్లు వచ్చాయి గాని, అచ్చుపని చేసేవాళ్లు చాలాకాలం పాత పద్ధతినే పట్టుకున్నారు. మార్చే సాధనాలున్నాయి, కానీ మార్చాక కూర్చుని దిద్దుకోవాలి. ఇక పేజీల అమరిక పేజ్‌మేకరు చేతిలోనే ఉంది. 2001లో వచ్చిన ఏడో కూర్పే దానికి ఆఖరిది.

“పాతదాన్ని పారెయ్యొద్దు, మార్చనూ వద్దు. వర్చువల్ మెషీన్లో పెట్టేద్దాం” అన్నాడు మా అబ్బాయి. అంటే పాత డిస్కులో ఉన్నదంతా ఒక్క పెద్ద ఫైలుగా నకలు తీసి, కొత్త కంప్యూటర్లో ఉత్తుత్తి కంప్యూటరొకటి కల్పించి, అందులో దాన్ని నడపడం. ఇదేం నిన్నమొన్నటి ఊహ కాదు. ఒకే పెద్ద యంత్రం ఎవరికి వాళ్లకి సొంత యంత్రంలా కనబడే ఏర్పాటు 1972లోనే ఐబీఎం వారి వీఎం/370లో ఉంది.

మొదటిసారి అది నీలం తెర చూపించి మొరాయించింది. డిస్కుతో మాట్లాడే పద్ధతి దానికి అలవాటైనట్టు మార్చాక లేచింది. లేస్తూనే ‘ఒంట్లో భాగాలన్నీ మారిపోయాయి, లైసెన్సు మళ్లీ రుజువు చెయ్యండి’ అని పేచీ పెట్టింది. ఆ లాంఛనమూ అయ్యాక, అదే పచ్చిక కొండ, అదే నీలాకాశం!

దీన్ని పునర్జన్మ అందామా? పునర్జన్మలో వెనకటి సంగతులు గుర్తుండవు. దీనికన్నీ గుర్తున్నాయి. మన కథల్లోని పరకాయ ప్రవేశమే దగ్గరగా ఉంటుంది. కాకపోతే ఆ కథల్లో ప్రవేశించినవాడికి ఆ శరీరం తనది కాదని తెలుసు. దీనికి తెలియదు. ఇల్లిచ్చేదాన్ని హోస్టనీ, వచ్చి ఉండేదాన్ని గెస్టనీ అంటారు. ఈ గెస్టు మాత్రం ఇల్లు తనదేననుకుంటుంది. ఎనిమిది జీబీల మెమరీలో అర జీబీ దానికి పంచితే, లోకంలో ఉన్నదంతా అంతేననుకుంటుంది.

ఒక షరతుంది. 2014 ఏప్రిల్ 8తో మామూలు ఎక్స్‌పీకి రక్షణ మరమ్మతులు ఆగిపోయాయి. అందుకని దాన్ని ఇంటర్నెట్టుకి కలపకూడదు. మా అబ్బాయి ఆ లంకె తెంపేశాడు.

ఇదంతా విని మా అత్తగారు అడిగారు:

“తను ఇంకోళ్లింట్లో ఉన్నట్టు దానికి తెలీదా అమ్మాయ్?”

“తెలీదత్తయ్యా.”

“బయటివాళ్లతో మాట్లాడుతుందా?”

“లేదు. తీగ తీసేశాం.”

“యంత్రం కాబట్టి సరిపోయింది” అని తమలపాకు ఈనె తీసుకోవడంలో పడ్డారావిడ.

ఆ మాట నన్ను వదల్లేదు. రాంనగర్‌లో పాత ఇళ్లు పోయి అపార్టుమెంట్లు లేస్తుంటే, పెద్దవాళ్లకి ఓ గది, ఓ టీవీ, వేళకి మందులు ఇచ్చి గౌరవంగా చూస్తున్నామనుకునే ఇళ్లెన్నో. ఎండలో కిందికెందుకు, చేపల మార్కెట్టు జనంలోకి ఎందుకు, పక్కవీధి పిన్నిగారింటికి ఎందుకు అంటూ ఒక్కొక్క తీగే తీసేస్తుంటారు. ప్రేమతోనే తీస్తారు. క్షేమం కోసమే తీస్తారు. గెస్టు యంత్రానికి దాని గది కొలత తెలియదు. మనిషికి తెలుస్తుంది, అంగుళాలతో సహా.

గౌరవం గది ఇవ్వడంలో లేదనిపిస్తుంది నాకు. ఎప్పుడూ తెరవని ఎక్స్‌పీ, డిస్కులో చోటు తినే ఒక ఫైలు మాత్రమే. దాని పాట దాని అక్షరాల్లోనే కావాలని మనం వెళ్లి తలుపు తట్టినప్పుడే అది బతికున్నట్టు. యంత్రానికి ఆ తలుపు ఒక్కటీ చాలు. మనిషికి రెండు కావాలి. మనం లోపలికి వెళ్లేది ఒకటి, తను బయటికి వచ్చేది ఒకటి. రెండోదాన్ని తెరిచి ఉంచితే పడిపోతారేమో, తప్పిపోతారేమో, మోసపోతారేమో. ఆ భయం ఎవరిది, ఆ తలుపు ఎవరిది? మీ ఇళ్లలో ఈ లెక్క ఎలా తేల్చుకుంటున్నారో గాని, తాళం మాత్రం మన చేతిలో ఉండకూడదనే నా మటుకు నాకు అనిపిస్తోంది.