వేటగాడూ పోషకుడూ

ప్రాణిని ప్రేమతో పెంచినంత మాత్రాన దానిని తన దగ్గర ఉంచుకొనే హక్కు మనిషికి వస్తుందా అన్న ప్రశ్న పాతది. పంజరంలో చిలుకను పెంచిన ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఇది తలెత్తే ఉంటుంది. చిలుకకు జామపండు పెట్టేవారు ఒక జవాబు చెబుతారు. పంజరం తలుపు తీసేవారు మరొకటి చెబుతారు. ఈ రెండు జవాబులూ చాలవనీ, అసలు చిలుక పంజరంలోకి ఎట్లా వచ్చిందన్న మూడవ ప్రశ్న వేయనిదే ఈ చర్చ తేలదనీ నా అభిప్రాయం. ఈ అభిప్రాయం నాకు ఒక చేపను చూసిన మీదట కలిగింది.

2024 వేసవిలో నేను అమెరికాలో, డాలస్ నగర శివారున ఉన్న మా చెల్లెలి ఇంట్లో నెల రోజులు ఉన్నాను. మా బావగారు కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగి. ఆయన ముందుగదిలో ఆరడుగుల గాజు తొట్టి ఉంది. అందులో ఉప్పునీరు, బతికి ఉన్న పగడాలు, ఇసుక, చేపలు. దీనినే రీఫ్ అక్వేరియం అంటారు. ఆ చేపల్లో ఒకటి లెపర్డ్ రాస్. జానెడు కూడా ఉండదు. లేత రంగు ఒంటినిండా చిరుతపులి మచ్చల వంటి నల్లని మచ్చలు. శాస్త్రజ్ఞులు దానిని మాక్రోఫారింగోడాన్ మెలియాగ్రిస్ అంటారు. మొదటి మాట గొంతులోని పెద్ద పళ్ళను బట్టి వచ్చింది. చిన్న చిన్న గుల్లలను అది ఆ పళ్ళతోనే నలుపుతుంది. రెండవ మాటకు అర్థం గిన్నీకోడి. ఆ పేరు మచ్చలను బట్టి వచ్చింది.

ఈ చేపను బతికించడం చాలా కష్టమని బావగారు చెప్పారు. సముద్రంలో అది పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా పగడపు రాళ్ళనూ ఇసుకనూ వెతుక్కుంటూ, కంటికి ఆనీ ఆనని రొయ్యజాతి జీవులనూ, నత్తపిల్లలనూ, గుల్లగల సూక్ష్మజీవులనూ ఏరుకొని తింటుంది. దుకాణంలో అమ్మే ఎండుమేత తినే వస్తువని కొత్తగా వచ్చిన చేపకు తెలియనైనా తెలియదు. చీకటి పడితే ఇసుకలోకి దూరి నిద్రపోతుంది. భయం వేసినా దానికి ఇసుకే దిక్కు. చేతులు మారే దారిలో దానిని ఇసుక లేని తొట్లలో ఉంచితే, రాత్రి కాగానే అలవాటు ప్రకారం గట్టి అడుగులోకి దూకి మూతి పగలగొట్టుకుంటుంది. మూతి పగిలిన చేప తినలేదు. తినలేని చేప కొద్ది వారాల్లో డొక్కలెండి చనిపోతుంది. ఇంకొక సంగతి. ఇండోనేషియా నుంచో ఫిలిప్పీన్స్ నుంచో వచ్చిన చేప మొదటి రోజుల్లో తన సముద్రపు పొద్దు ప్రకారమే నిద్ర లేస్తుంది. అక్కడ పట్టపగలైనప్పుడు ఇక్కడ తొట్టి దీపాలు ఆరిపోయి ఉంటాయి. అది మేతకు బయలుదేరేది చీకట్లోకి.

బావగారు 2021లో తెచ్చిన మొదటి చేప మూడు రోజులు ఇసుకలోనే ఉండి, బయటికి వచ్చి, మూడు వారాలు నిండకుండానే చనిపోయింది. ఆయన చాలా బాధపడ్డారు. ఆ తర్వాత ఏడాదికి పైగా మరొక చేప జోలికి పోలేదు. తొట్టి అడుగున మూడంగుళాల మెత్తని ఇసుక పరిచారు. రాళ్ళ సందుల్లో సూక్ష్మజీవులు పెరిగేదాకా ఆగారు. వేరొక పెట్టెలో కోపిపాడ్లనే ఆ పిసరంత జీవులను పెంచడం నేర్చుకున్నారు. 2023లో తెచ్చిన చేపకూ మూతిమీద దెబ్బ ఉంది. ఆర్టీమియా పిల్లలను పొదిగించి, వాటిని రోజుకు అయిదారుసార్లు అందించి, దెబ్బ మానేదాకా కనిపెట్టుకొని ఉన్నారు. “పిల్లల స్కూలు వేళలైనా మరిచిపోతారు గాని దాని మేతవేళ మరిచిపోరు, అన్నయ్యా” అని మా చెల్లెలు దెప్పింది. నేను చూసినది ఆ చేపనే. ఉదయం దీపం వెలగగానే ఇసుకలోంచి తల ఎత్తి, ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు తిప్పి చూసే ఆ చేపను చూసి నేనూ సంతోషించాను. ఆ సంతోషాన్ని దాచి ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు.

నేను తరగతిలో కాళిదాసు శాకుంతలాన్ని గురించి చెప్పేటప్పుడు నాలుగవ అంకంలోని జింక దగ్గర తప్పకుండా ఆగుతాను. అత్తవారింటికి బయలుదేరిన శకుంతల కొంగును వెనుకనుంచి ఏదో లాగుతుంది. అది ఆమె బిడ్డలాగా సాకిన జింక. దర్భమొనలు గుచ్చుకొని దాని నోరు పుండైతే ఇంగుదీతైలం రాసి, ధాన్యం గింజలు పిడికిళ్ళతో తినిపించి పెంచింది. బావగారి కథ విన్నప్పుడు నాకు ఆ జింకే గుర్తుకు వచ్చింది. పగిలిన నోరు, మందు, చేతిమేత అన్నీ సరిపోయాయి. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన సంతోషించారు.

కాని ఆ రాత్రి ఆలోచిస్తే పోలిక సరిపోలేదు. శాకుంతలంలో జింకను గురించిన ఘట్టం నాలుగవ అంకంలోనే కాదు, మొదటి అంకంలోనూ ఉంది. అక్కడ దుష్యంతుడు రథం మీద జింకను తరుముకొని వస్తాడు. ఇది ఆశ్రమమృగం, చంపవద్దని మునులు అడ్డుపడితే బాణం దించుతాడు. అంటే ఆ నాటకంలో వేటాడే చేయి వేరు, నూనె రాసే చేయి వేరు. శకుంతల ఆ పుండును తెప్పించలేదు. దర్భ గుచ్చుకుంది, ఆమె మాన్పింది. జింక ఆశ్రమంలో తన ఇష్టం వచ్చినట్టు తిరిగింది. బావగారి తొట్టిలోని చేప మూతికి తగిలిన దెబ్బ దర్భ దెబ్బ వంటిది కాదు. ఆ చేప ఆయన ఇంటికి రావాలనే ఆ దెబ్బ తిన్నది. ఆయన కొనకపోతే, ఆయన వంటివారు కొంటారన్న ఆశ వ్యాపారికి లేకపోతే, ఆ దెబ్బే లేదు. అంటే వేటకు డబ్బు ఇచ్చిన చేయీ, గాయానికి మందు రాసిన చేయీ ఒకటే. మధ్యలో వేల మైళ్ళ దూరమూ, నలుగురైదుగురు వ్యాపారులూ ఉండటం వల్ల ఆ సంగతి ఆ చేతికి తెలియడం లేదు.

సరుకులో దాగి ఉన్న మానవ సంబంధాలు కంటికి కనిపించక, సరుకే తనంతట తాను విలువ గలదిగా కనిపిస్తుందని మార్క్స్ 1867లో వెలువడిన పెట్టుబడి మొదటి సంపుటంలో వివరించాడు. ఈ చేప విషయంలో మరొక మెట్టు పైకి వెళ్ళాలి. ఇక్కడ సరుకు ప్రాణి. దాని ఆకలిలోనూ, గాయంలోనూ, వేళకాని వేళ మేలుకోవడంలోనూ అది నడిచి వచ్చిన దారి అంతా రాసి ఉంది. చదవదలుచుకున్నవారు చదవవచ్చు. కాని పోషకుడు దానిని వ్యాధిగా చదివి వైద్యం చేస్తాడు. చరిత్రగా చదవడు.

ఆ చరిత్రలో కొన్ని అంకెలున్నాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమానికి అనుబంధమైన ప్రపంచ సంరక్షణ పర్యవేక్షణ కేంద్రం 2003లో ప్రకటించిన నివేదిక ప్రకారం, ఏటా రెండు కోట్ల నుంచి 2 కోట్ల 40 లక్షల వరకు సముద్రపు అలంకారపు చేపలు వ్యాపారంలోకి వస్తున్నాయి. వాటిలో 1,471 జాతులున్నాయి. ఫిలిప్పీన్స్‌లో 1960ల తొలి సంవత్సరాల్లోనే అలంకారపు చేపలను మత్తెక్కించి పట్టడానికి సోడియం సయనైడును వాడడం మొదలైంది. ఆ విషం చుట్టుపక్కల పగడాలను చంపుతుంది. చట్టం నిషేధించినా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. వలతో జాగ్రత్తగా పట్టేవారూ ఉన్నారు. కాని గాజు తొట్టి ముందు నిలబడిన కొనుగోలుదారుకు చేపను చూసినంతలో ఈ తేడా తెలియదు.

దీనికి బావగారు చెప్పిన ఆక్షేపణలు తేలికగా తోసివేయదగినవి కావు.

మొదటిది: “మీరు చేపల పులుసు తింటారు కదా, బావగారూ?” తింటాను. నేను అహింసావాదిని కాను. కాని పులుసు తినేవాడు చేపను ప్రేమిస్తున్నానని చెప్పుకోడు. నా ప్రశ్న చంపడం గురించి కాదు, ప్రేమ అన్న మాట గురించి. ప్రేమ పేరు చెప్పుకున్నవాడిని, ప్రేమ ఎంత దూరం చూడాలో అడగక తప్పదు.

రెండవది: చేపలు పట్టేవాడి కూడు. ఇది బలమైన మాట. ఆ 2003 నివేదికే చెప్పుతున్నది: 2000 సంవత్సరంలో మాల్దీవుల్లో పట్టిన అలంకారపు చేపలకు కిలోకు దాదాపు 500 డాలర్లు వచ్చాయి. తినడానికి పట్టిన చేపలకు కిలోకు 6 డాలర్లే. పేద జాలరి అలంకారపు చేపకోసం మునిగితే అతనిని తప్పు పట్టే అధికారం నిండు కడుపులకు లేదు. కాని జాలరి పేరు చెప్పి కొనుగోలుదారు తన కోరికను సమర్థించుకోవడం వేరు. జాలరికి కావలసింది మన దయ కాదు. పట్టిన దానికి న్యాయమైన ధర, మంచి వల, తన సముద్రం మీద తనకు అధికారం కావాలి.

మూడవది: “సముద్రమే చచ్చిపోతోంది, నా తొట్టిలోనైనా బతుకుతుంది కదా?” సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడిపోతున్నాయన్నది నిజం. ప్రపంచవ్యాప్తంగా నాలుగవసారి ఇది జరుగుతున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అయితే ఒంటరి చేప తన వంశాన్ని కాపాడదు. సముద్రంలో ఈ చేపలు ఒక మగచేప, కొన్ని ఆడచేపలుగా కలిసి బతుకుతాయి. మగది పోతే ఆడవాటిలో పెద్దది మగదిగా మారుతుంది. ఆ సమాజాన్ని వదిలి ఒక్క ప్రాణిని తెచ్చుకొని రక్షణ అనడం పొరపాటు. చేపలను మనుషుల చేతుల్లోనే పొదిగించి పెంచడం నిజమైన దారి. 2015లో హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ ఎల్లో టాంగ్ అనే చేపను అట్లా పెంచగలిగింది. లెపర్డ్ రాస్ చేపలు మాత్రం దుకాణాలకు ఎక్కువగా సముద్రంనుంచే వస్తున్నాయి.

చివరకు బావగారు కొంచెం కోపంగానే అడిగారు: “ఐతే దీన్ని ఏం చేయమంటారు? తీసుకెళ్ళి సముద్రంలో వదలమంటారా?” ఆ ప్రశ్నే నాకు దారి చూపింది. వదలకూడదు. దాని సముద్రం అది కాదు. అక్వేరియంలనుంచి వదిలిన లయన్ ఫిష్ అట్లాంటిక్ తీరాల్లో చేసిన నాశనం అందరికీ తెలిసిందే. పంజరం తలుపు తీయడం ఎప్పుడూ విముక్తి కాదు. ఆ చేపను అది బతికినన్నాళ్ళూ ఇంతే శ్రద్ధగా సాకవలసిందే. అది ఆయన మీద ఉన్న రుణం. కాని అప్పటికి ఆయన మనసులో మరొక ఆలోచన ఉంది. దీనికి తోడుగా ఇంకొక చేపను తెప్పించాలని. అక్కడ రుణం ముగిసి కోరిక మొదలవుతుంది. ఉన్నదానిని పోషించడం బాధ్యత. ఇంకొకదానిని తెప్పించడం వేట. ఈ రెండింటికీ ప్రేమ అన్న ఒకే పేరు పెట్టడం వల్లనే మంచివాళ్ళ చేతులమీదుగా ఈ వ్యాపారం సాగుతున్నది. ఈ వ్యాపారంలో చేప చావు కూడా నష్టం కాదు. చచ్చిన ప్రతి చేపా మరొక చేపకు గిరాకీ. బావగారి మొదటి చేప చావు ఆయనకు దుఃఖం, దుకాణానికి మరొక అమ్మకం.

ఒక్క మనిషి కొనడం మానితే సముద్రం బాగుపడుతుందని నేను చెప్పడం లేదు. వ్యక్తిగత పవిత్రత మన ఆదర్శం కాదు. హవాయిలో స్థానికులూ పర్యావరణ సంఘాలూ కోర్టుకు వెళ్ళగా, అలంకారపు చేపలు పట్టే అనుమతులకు ముందు పర్యావరణ పరిశీలన జరగాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. శాకుంతలం మొదటి అంకంలో రాజు రథానికి అడ్డు నిలిచిన మునుల పని అది. అటువంటి పని సంఘటితంగానే సాధ్యం. కాని ఆ పనికి పూనుకొనేవారు, తమ ఇంట్లో తాము చేసే వేటను వేటగా గుర్తించినవారై ఉండాలి.

నేను తిరిగి వచ్చాక బావగారు ఫోను చేశారు. రెండవ చేప కోసం దుకాణానికి వెళ్ళి, దీనిని ఎక్కడ, ఎట్లా పట్టారని అడిగారట. దుకాణదారు చెప్పలేకపోయాడట. ఆయన చేప లేకుండానే ఇంటికి వచ్చారు. మొదటి చేప బాగానే తింటున్నదని కూడా చెప్పారు.